న్నామ్‌ది: "మా నాన్న ఉన్నాడు" అంటున్నది ఎవరు?

మీరు అడిగింది ఇదీ. హ్యూస్టన్‌లో మీ పక్కింటివాళ్ళు నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బో జాతివాళ్ళు. కొడుకు పుట్టాడు, న్నామ్‌ది అని పేరు పెడుతున్నారు, వేడుకకి మిమ్మల్నీ పిలిచారు. వెండి గ్లాసు మీద ఆ పేరు తెలుగులో చెక్కించి ఇద్దామనుకుంటున్నారు. అర్థం కోసం వెతికితే ఒకచోట "మా నాన్న బతికే ఉన్నాడు" అనీ, ఇంకోచోట "తండ్రి పేరు నిలిచింది" అనీ, మరోచోట "తాత మళ్ళీ పుట్టాడు" అనీ కనిపించింది. బాబు తండ్రి ఎదురుగా నిక్షేపంగా తిరుగుతుంటే "మా నాన్న బతికే ఉన్నాడు" అని పేరు పెట్టడమేమిటన్నది మీ సందేహం. ఎలా పలకాలి, ఎలా రాయాలి, ఇది ఎక్కువమంది పెట్టుకునే పేరేనా అని కూడా అడిగారు.

మీకు సందేహం రావలసిన చోటే వచ్చింది. ఈ పేరు అర్థం కావాలంటే అందులో "మా" అంటున్నది ఎవరో ముందు తేల్చుకోవాలి. అది తేలితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

ముందు పేరుని విడదీద్దాం. ఇందులో మూడు మాటలున్నాయి. మొదటిది "న్న", అంటే తండ్రి. రెండోది ఒక్క "మ్", అంటే నా, మా. ఇగ్బోలో "నా" అన్న మాట నామవాచకం తర్వాత వస్తుంది. మనం "మా నాన్న" అంటాం, వాళ్ళు "నాన్న మా" అన్న వరుసలో "న్న మ్" అంటారు. మూడోది "ది", అంటే ఉండటం. మూడూ కలిపితే "మా నాన్న ఉన్నాడు" అన్న పూర్తి వాక్యం. "న్ దు" అంటే ప్రాణం, బతుకు. "బతికి ఉన్నాడు" అని విడమరిచి చెప్పాలంటే "న్న మ్ ది న్ దు" అంటారు. పేరులో ఆ చివరి మాట పలకరు, అయినా వినేవాళ్ళకి అది తెలుస్తూనే ఉంటుంది.

ఇగ్బో పేర్లు చాలావరకు ఇలాంటి వాక్యాలే. చుక్వుఎమెకా అంటే "దేవుడు ఎంతో చేశాడు". చినేదు అంటే "దేవుడు దారి చూపిస్తాడు". ఒజోఎమేనా అంటే "ఇలాంటిది ఇంకోటి జరగకూడదు". ఇంట్లో ఏదో విషాదం జరిగాక పుట్టిన బిడ్డకి పెట్టే పేరది. ఈ వాక్యాలు బిడ్డ నోటి నుంచి వచ్చినవి కావు. పేరు పెట్టినవాళ్ళు ఆ రోజు తమ మనసులో ఉన్నమాట పైకి అన్నారు, అదే బిడ్డకి పేరైంది. అందుకే న్నామ్‌ది అన్న పేరులో మాట్లాడుతున్నది బాబు కాదు, బాబు తండ్రి. "మా నాన్న" అంటే ఆ తండ్రికి నాన్న, అంటే బాబుకి తాత. కాలం చేసిన తన తండ్రి ఈ బిడ్డ రూపంలో తిరిగి వచ్చాడని, ఎక్కడికీ పోలేదని, ఇక్కడే ఉన్నాడని ఆయన అంటున్నాడు. తాతగారే బతికుండి స్వయంగా పేరు పెడితే "మా నాన్న" అంటే ఇంకో తరం వెనక్కి, ముత్తాత దాకా వెళ్ళాలి.

కాబట్టి మీకు దొరికిన మూడు అర్థాల్లో మొదటిది మాటకి మాట సరిపోతుంది. మూడోది ఆ మాట వెనకున్న నమ్మకాన్ని చెబుతుంది. ఈ రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డు కావు. రెండోది, "తండ్రి పేరు నిలిచింది" అన్నది మాత్రం తప్పు. ఇగ్బోలో పేరుని "అహా" అంటారు. న్నామ్‌దిలో ఆ మాట ఎక్కడా లేదు. "నా పేరు మాసిపోకూడదు" అని చెప్పే పేరు వేరే ఉంది, అది అహామెఫులా. పిల్లల పేర్ల సైట్లలో ఈ రెండు భావాలూ కలిసిపోయి ఒకటి నుంచి ఇంకోటి ఎత్తి రాసుకుంటూ పోయారు. మూలం అన్నచోట "ఆఫ్రికన్ పేరు" అని రాసే సైటుని అసలు నమ్మకండి. "వేంకటేశ్వర్లు ఆసియా పేరు" అంటే ఎలా ఉంటుందో అదీ అంతే. ఇది ఇగ్బో పేరు. ఆగ్నేయ నైజీరియాలోని అబియా, అనంబ్ర, ఎబోన్యి, ఎనుగు, ఇమో రాష్ట్రాలు, నైజర్ నదికి పడమటి ఒడ్డున డెల్టా రాష్ట్రంలో కొంత భాగం వాళ్ళ సొంత ప్రాంతం.

ఇక ఆ నమ్మకం సంగతి. దాన్ని "ఇలో ఉవా" అంటారు. "ఉవా" అంటే లోకం, "ఇలో" అంటే తిరిగి రావడం. చనిపోయిన పెద్దవాళ్ళు అదే వంశంలో మళ్ళీ పుడతారని సంప్రదాయ ఇగ్బోలు నమ్ముతారు. కర్మఫలం కొద్దీ ఎక్కడో ఏ జన్మో ఎత్తడం కాదిది. ఇంటి మనిషి ఇంటికే వస్తాడు. పుట్టుమచ్చలు, నడక, నవ్వు, మొండితనం చూసి ఫలానా ఆయనే వచ్చాడని పోల్చుకునేవారు. తేలకపోతే "దిబియా" అనే సోదె చెప్పే వైద్యుణ్ణి అడిగేవారు. ఇలా వచ్చాడనుకున్న బిడ్డని సొంత తండ్రే "న్న మ్" అని, అంటే "మా నాన్న" అని పిలుచుకుంటాడు. ఇది తెలుగువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. "నాన్నా, ఇంకో ముద్ద తినరా" అని కొడుకుని బతిమాలని ఇల్లు మనకి ఉందా? తాత పేరు మనవడికి పెట్టి, మామగారి పేరు నోటితో అనలేక ఆ కోడలు బిడ్డని "చిన్నా", "బాబూ" అని పిలుచుకున్న ఇళ్ళు మనకి లెక్కలేనన్ని. తేడా ఒక్కటే. మనం తాత పేరుని బిడ్డకి పెడతాం. వాళ్ళు తాత వచ్చాడన్న వార్తని బిడ్డకి పేరుగా పెడతారు. పక్కింటి తాతగారి అసలు పేరు న్నామ్‌ది అయి ఉండాలని లేదు, చాలాసార్లు కాదు కూడా.

ఇదే నమ్మకంతో వచ్చే పేర్లు ఇంకా ఉన్నాయి. ఆడపిల్లకి న్నేన్నా అంటే "నాన్నకి అమ్మ", నాయనమ్మ తిరిగి వచ్చిందన్నమాట. న్నేన్నే అంటే "అమ్మకి అమ్మ". మగపిల్లాడికి న్నాన్నా అంటే "నాన్నకి నాన్న". వీటికీ న్నామ్‌దికీ చిన్న తేడా ఉంది. అవి చుట్టరికాన్ని చెబుతాయి, క్రియ ఉండదు. న్నామ్‌దిలో క్రియ ఉంది, అది వాక్యం. పక్కనే ఉన్న యొరూబా జాతివాళ్ళలోనూ ఇదే ఆలోచన ఉంది, బాబతుందే అంటే "నాన్న తిరిగొచ్చాడు". ఆ పోలిక వల్ల కొన్నిచోట్ల న్నామ్‌దిని యొరూబా పేరుగా రాసేస్తుంటారు, అది పొరపాటు.

ఒక జాగ్రత్త. ఇలో ఉవాని "ఒగ్బాంజే"తో కలపకండి. ఒగ్బాంజే అంటే పుట్టి, చిన్నతనంలోనే పోయి, మళ్ళీ అదే తల్లికి పుడుతూ ఏడిపించే బిడ్డ అని పూర్వపు నమ్మకం. ఆ పిల్లలకి ఓన్వుబికో, అంటే "మృత్యువా, దయచూడు" లాంటి పేర్లు పెట్టేవారు. న్నామ్‌దిలో అలాంటి భయం ఏమీ లేదు, ఉన్నదంతా సంతోషమే. వేడుకలో ఒగ్బాంజే మాట మాత్రం ఎత్తకండి.

ఇప్పటి ఇగ్బోల్లో అత్యధికులు క్రైస్తవులు. 1857లో ఆంగ్లికన్ మిషనరీలు, 1885లో క్యాథలిక్కులు నైజర్ ఒడ్డునున్న ఇగ్బో పట్టణం ఒనిచాలో స్థిరపడ్డారు. చర్చి పునర్జన్మని ఒప్పుకోదు. అలాంటప్పుడు ఈ పేరు ఎలా నిలిచిందంటే, "న్న" అన్న మాటే ప్రార్థనలో దేవుడికీ వాడతారు. "పరలోకమందున్న మా తండ్రీ" అన్న ప్రార్థన ఇగ్బోలో "న్న అన్యి" అని మొదలవుతుంది, అంటే "మా తండ్రి". అలా చూస్తే న్నామ్‌ది అంటే "నా తండ్రి అయిన దేవుడు ఉన్నాడు". ఒక్క అక్షరం మార్చకుండా పాత నమ్మకమూ కొత్త మతమూ రెండూ ఇముడుతున్న పేరిది. ఇన్ని తరాలు గడిచినా ఇది పాతబడకపోవడానికి అసలు కారణం ఇదేనని నేను గట్టిగా అనుకుంటాను. మీ పక్కింటివాళ్ళు ఏ అర్థంలో పెట్టారో మీరు ఊహించకండి. "ఇది తాతగారిని తలుచుకుని పెట్టిన పేరా?" అని అడగండి. తాతగారు పోయిన ఇల్లయితే ఆ ప్రశ్నకి వాళ్ళు మనసారా జవాబు చెబుతారు. "మీరు పునర్జన్మ నమ్ముతారా?" అని మాత్రం అడగవద్దు. కొందరు క్రైస్తవులకి అది ఇబ్బంది.

"న్న" వినగానే మన "నాన్న" గుర్తొచ్చి రెండు భాషలకీ చుట్టరికం ఉందేమో అనిపిస్తుంది. లేదు. ఇగ్బో నైజర్-కాంగో కుటుంబానిది, తెలుగు ద్రావిడ భాష. పసిపిల్లలకి ముందు నోరు తిరిగేవి మ, న, ప, బ లాంటి శబ్దాలే కాబట్టి లోకంలో ఎన్నో భాషల్లో అమ్మానాన్నల మాటలు వాటితోనే పుట్టాయి. పోలిక కాకతాళీయమే. అయినా పలకడానికి అది మనకి భలే అక్కరకొస్తుంది.

పలకడం ఇలా. "నాన్న" అన్న మాటలో మొదటి "నా" మనసులో అనుకుని, మిగిలిన "న్న" మాత్రం పైకి అనండి. నాలుక పళ్ళ వెనక ఆనించి, ముక్కుతో "న్" అని ఒక క్షణం నిలిపి, తర్వాత "న" వదలాలి. ఆ నిలిపిన "న్" విడిగా ఒక అక్షరం, దానికి సొంత స్వరం ఉంది. తర్వాత "అమ్మ"లో పెదవులు మూసినట్టు "మ్" దగ్గర ఆపి, చివర "ది" పొట్టిగా అనండి. "దీ" అని సాగదీయకూడదు. చెవికి నాలుగు దెబ్బలు వినిపించాలి: న్, న, మ్, ది. అమెరికన్లు చాలామంది మొదటి "న్" వదిలేసి "నామ్‌దీ" అని రెండు దెబ్బల్లో ముగిస్తారు. మనవాళ్ళు చేసే తప్పు ఇంకోటి. హల్లుతో మాట మొదలుపెట్టడం కష్టమై ముందు ఇ చేర్చి "ఇన్నమ్‌ది" అంటారు, లేదా ఇంగ్లీషు అక్షరం చూసి "ఎన్-నామ్‌డి" అంటారు. ఆ చేర్చిన అచ్చు అక్కర్లేదు.

ఇగ్బో స్వరభాష. గొంతు ఎత్తిందా దించిందా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. "అక్వా" అన్న ఒకే మాట స్వరం మారితే ఏడుపు, గుడ్డు, బట్ట, మంచం అవుతుంది. "న్న"లో మొదటి "న్" ఎత్తుగా మొదలై "న" దగ్గర దిగుతుంది. పేరు మొత్తం స్వరం పుస్తకం చూసి పట్టుబడదు. బాబు నాయనమ్మ గానీ తండ్రి గానీ పిలుస్తుంటే విని, ఆ వెంటనే ఒకసారి మీరు అనండి. తప్పయితే వాళ్ళే దిద్దుతారు, ఎవరూ చిన్నబుచ్చుకోరు.

రాత దగ్గర గొడవంతా చుక్కలతోనే. ఇగ్బోని ఇంగ్లీషు అక్షరాల్లాంటివాటితోనే రాస్తారు. 1961లో ఓన్వు కమిటీ స్థిరపరచిన ఆ లిపిలో 36 అక్షరాలున్నాయి. అందులో 8 అచ్చులు, వాటిలో మూడింటికి కింద చుక్క ఉంటుంది. న్నామ్‌ది చివర ఉన్న ఐ అక్షరం కింద చుక్క ఉండాలి. చుక్క ఉంటే అది "ఉండటం". చుక్క లేకుండా రాస్తే ఇగ్బోలో ఆ మాటకి "మొగుడు" అని అర్థం. సందర్భం వల్ల ఎవరూ పొరబడరు గానీ, భాష మీద మమకారం ఉన్నవాళ్ళు ఆ చుక్క కోసం చూస్తారు. అమెరికా పాస్‌పోర్టుల్లో, చాలా జనన ధ్రువపత్రాల్లో ఈ చుక్క కనిపించదు, దాంతో ఇబ్బందీ లేదు. ఇబ్బంది పెట్టేది మొదటి రెండు ఎన్‌లు. అచ్చుతప్పనుకుని గుమాస్తా ఒకటి తీసేస్తే బడిలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు అవుతుంది. మధ్యలో ఎమ్ పోతే మరీ తప్పు. అప్పుడది న్నాది అయిపోతుంది, అది ఇంటిపేరుగా తరచు కనిపించే వేరే పేరు. మీరు గ్రీటింగ్ కార్డు రాస్తే ఇంగ్లీషు స్పెల్లింగు ఆహ్వానపత్రిక చూసి మక్కీకి మక్కీ దించండి.

ఎంతమందికి ఉంటుందన్న ప్రశ్నకి అంకె ఇచ్చి తప్పుదోవ పట్టించను. నైజీరియాలో ఏటా పిల్లల పేర్ల వరుస ప్రచురించే అలవాటు లేదు. "నైజీరియాలో ఫలానా స్థానం" అని ఏ సైటైనా రాస్తే అది ఊహే. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ విభాగం ఏటా జాబితా పెడుతుంది, కానీ ఆ ఏడాది కనీసం 5 మంది పిల్లలకి పెట్టిన పేర్లే అందులో ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్ జాబితాలో ఆ హద్దు 3. అక్కడ చూసినా పూర్తి లెక్క రాదు, ఎందుకంటే ఆ జాబితాల్లో మొదటి పేరు ఒక్కటే లెక్కిస్తారు. విదేశాల్లోని ఇగ్బో కుటుంబాలు చాలావరకు ఒక ఇంగ్లీషు పేరు ముందు పెట్టి, ఇంట్లో పిలిచే ఇగ్బో పేరుని మధ్యలో పెడతాయి. ఆ న్నామ్‌దిలంతా లెక్కలోకి రారు. ఎన్ ఒకటే రాసినవాళ్ళని వేరే పేరుగా లెక్కేస్తారు. జాబితా చూసి "అరుదైన పేరు" అనుకోవద్దని చెప్పడానికే ఇదంతా. ఇగ్బోల మధ్య ఇది ప్రతి బడిలో, ప్రతి ఆఫీసులో వినిపించే పేరు. ఈమధ్య తరాల్లో "చి", "చుక్వు"తో మొదలయ్యే దేవుడి పేర్ల జోరు ఎక్కువ. "న్న"తో మొదలయ్యే పేర్లలో మాత్రం దీన్ని మించినది లేదనే నా అంచనా.

ఆ పేరుకి అంత గౌరవం రావడంలో ఒక మనిషి పాత్ర చాలా పెద్దది. న్నామ్‌ది అజికివే 1904 నవంబరు 16న ఉత్తర నైజీరియాలోని జుంగేరులో పుట్టారు, తల్లిదండ్రులది ఒనిచా. బాప్తిస్మపు పేరు బెంజమిన్. 1934లో ఆ ఇంగ్లీషు పేరు వదిలేసి న్నామ్‌ది ఒక్కటే ఉంచుకున్నారు. 1937లో వెస్ట్ ఆఫ్రికన్ పైలట్ పత్రిక పెట్టి బ్రిటిష్ పాలన మీద పోరాడారు. 1960లో సరిగ్గా తన పుట్టినరోజునాడు గవర్నర్ జనరల్ అయ్యారు, 1963లో దేశానికి మొదటి అధ్యక్షుడయ్యారు. ఇవాళ అబూజా విమానాశ్రయానికి, ఆవ్కాలోని విశ్వవిద్యాలయానికి, ఎనుగులో స్టేడియానికి ఆయన పేరే. 500 నైరాల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే. అందుకే ఇగ్బో కాని నైజీరియన్లకి కూడా ఇది కొత్త పేరు కాదు.

మీరున్న అమెరికాలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి లూయిజియానాలో పుట్టిన న్నామ్‌ది అసొముహా తెలుసు, ఆట మానేశాక నటుడయ్యాడు. బాల్టిమోర్ రేవెన్స్ జట్టులోని మదుబుఇకే 2024లో జస్టిన్ అన్న పేరు పక్కన పెట్టి మధ్యపేరు న్నామ్‌దితోనే పిలిపించుకోవడం మొదలుపెట్టాడు. బెంజమిన్ పోయి న్నామ్‌ది మిగిలిన తొంభై ఏళ్ళకి జస్టిన్ పోయి న్నామ్‌ది మిగిలాడు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఇంట్లో పిలిచే పేరునే బయట కూడా కోరుకోవడం ఇగ్బో కుటుంబాల్లో ఇప్పుడు తరచు కనిపిస్తోంది. జర్మనీలో పుట్టిన సాకర్ ఆటగాడు న్నామ్‌ది కాలిన్స్‌ని చూస్తే పేరు యూరప్‌లోనూ ఎంత పాతుకుందో తెలుస్తుంది.

వేడుక గురించి రెండు మాటలు. ఇగ్బో వారం నాలుగు రోజులు: ఎకే, ఓరియే, ఆఫో, న్‌క్వో. పేరు పెట్టడం రెండు వారాలకి, అంటే ఎనిమిదో రోజున చేసే ఊళ్ళున్నాయి, ఇంకా ఆలస్యంగా చేసేవీ ఉన్నాయి. అమెరికాలో అందరికీ సెలవు దొరికే శనివారం చేస్తారు. పెద్దాయన ముందుగా "ఓజీ", అంటే కోలా కాయ పట్టుకుని ఇగ్బోలో ప్రార్థన చేసి, విరిచి పంచుతారు. ఓజీకి ఇంగ్లీషు అర్థం కాదని వాళ్ళ సామెత, కాబట్టి ఆ ప్రార్థన ఇంగ్లీషులో ఉండదు. "ఓజీ తెచ్చినవాడు ప్రాణం తెచ్చాడు" అని కూడా అంటారు. అక్కడ ప్రాణం అన్నచోట వినిపించే "న్ దు", పైన చెప్పిన "న్ దు" ఒకటే. ముక్క మీ దాకా వస్తే తీసుకోండి. చేదుగా, వగరుగా ఉంటుంది, కొరికి నెమ్మదిగా నమలండి. తర్వాత బంధువుల్లో పెద్దలు తలా ఒక పేరు ప్రకటించవచ్చు. బాబుకి నాలుగైదు పేర్లు వినిపిస్తే కంగారుపడకండి, ధ్రువపత్రంలో ముందున్నది ఏదో తల్లిని అడిగాకే గ్లాసు చెక్కడానికి ఇవ్వండి.

గ్లాసు మీద తెలుగులో "న్నామ్‌ది" అని రాయించండి. "నా"కి దీర్ఘం ఎందుకంటే, ఇగ్బో "అ" బాగా నోరు తెరిచి పలికేది, మన పొట్టి "న" అంత విచ్చుకోదు. ఇంగ్లీషు డి కనిపించగానే "డ" రాయడం మన అలవాటు, కానీ ఇక్కడ నాలుక మడత పడదు, అందుకని "ద" దగ్గరగా ఉంటుంది. చెక్కేవాళ్ళు రెండు చోట్ల తప్పు చేస్తారు. మాట మొదట్లో "న్న" చూసి పొరపాటనుకుని "నా" అని దిద్దేస్తారు. "మ్" మీది పొల్లు తీసేసి "మ" కింద "ద" వత్తు పెట్టి కలిపేస్తారు. ఫోన్‌లో చెబితే కుదరదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, మొదటి న కింద ఇంకో న వత్తు, మ మీద పొల్లు వేలితో చూపించి ఇవ్వండి. దాని కింద చిన్నగా ఇగ్బో స్పెల్లింగు కూడా వేయించండి. చివరి అక్షరం కింద చుక్క మరిచిపోకండి. వెండి మీద సూదిమొన చుక్క పెట్టడానికి వాళ్ళకి క్షణం పట్టదు, బాబు నాయనమ్మ గ్లాసు తిప్పి చూసినప్పుడు ముందు కంటపడేది అదే.